పోటీ పిస్టల్‌లో రీకాయిల్ స్ప్రింగ్: ఎంత బలం కావాలి, ఎప్పుడు మార్చాలి

అమెరికాలో బుల్స్‌ఐ అని ఒక పాత పిస్టల్ పోటీ ఉంది. నిలబడి, ఒంటి చేత్తో కాల్చాలి. అందులో ర్యాపిడ్ ఫైర్ అంటే 25 గజాల దూరంలో ఉన్న టార్గెట్ మీద 10 సెకన్లలో 5 షాట్లు. మూడో షాట్ పేలాక స్లైడ్ (పిస్టల్ పైభాగంలో వెనక్కీ ముందుకీ జరిగే లోహపు భాగం) ముందుకొచ్చి, పూర్తిగా మూసుకోకుండా రెండు మిల్లీమీటర్ల ముందే ఆగిపోయిందనుకోండి. ట్రిగ్గర్ నొక్కితే ఏమీ జరగదు. ఏం జరిగిందో అర్థమయ్యేలోపే 10 సెకన్లు అయిపోతాయి. అలాంటప్పుడు ఎవరైనా ముందు తూటాలను అనుమానిస్తారు, తర్వాత మ్యాగజైన్‌ను. బ్యారెల్ కింద కనబడకుండా ఉన్న రీకాయిల్ స్ప్రింగ్ గురించి చివర్లో ఆలోచిస్తారు. పిస్టల్ ఖరీదుతో పోలిస్తే ఆ స్ప్రింగ్ ధర ఒక శాతం కూడా ఉండదు. కానీ పోటీ పిస్టల్‌లో అన్నిటికంటే ముందు అరిగిపోయే భాగాల్లో అదొకటి.

ఈ వ్యాసం ఎక్కువగా 1911 పిస్టల్‌ను ఆధారం చేసుకుని రాస్తున్నాను. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ .45 పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911లో తీసుకుంది. వందేళ్లు దాటినా బుల్స్‌ఐ లైన్‌లో ఇప్పటికీ అదే రాజ్యమేలుతోంది. అమెరికాలో కదులుతూ వేగంగా కాల్చే యూఎస్‌పీఎస్‌ఏ పోటీల్లో కనబడే 2011 రకం పిస్టళ్లు కూడా దాని వారసులే. దీని లెక్క అర్థమైతే మిగతా పిస్టళ్ల లెక్క తేలిగ్గానే పట్టుబడుతుంది.

స్ప్రింగ్ నిజంగా చేసే పని

ట్రిగ్గర్ నొక్కగానే బుల్లెట్ ముందుకు, స్లైడ్, బ్యారెల్ రెండూ కలిసి వెనక్కి కదలడం మొదలుపెడతాయి. బుల్లెట్ చాలా తేలిక, స్లైడ్ చాలా బరువు. అందుకే బుల్లెట్ గొట్టం దాటి వెళ్లిపోయేసరికి స్లైడ్ వెనక్కి జరిగేది అంగుళంలో పదో వంతు, కాస్త అటూ ఇటూ. అప్పటికి బ్యారెల్ ఇంకా స్లైడ్‌తో లాక్ అయ్యే ఉంటుంది. ఆ తర్వాత బ్యారెల్ అడుగున ఉన్న చిన్న లింకు దాన్ని కిందికి లాగుతుంది, లాక్ విడిపోతుంది, స్లైడ్ ఒక్కటే వెనక్కి పోతుంది. పోతూ పోతూ ఖాళీ కేసును (పేలిన తూటా తొడుగును) బయటికి విసురుతుంది, హ్యామర్‌ను కాక్ చేస్తుంది (వెనక్కి వంచి తర్వాతి షాట్‌కు సిద్ధంగా నిలుపుతుంది), స్ప్రింగ్‌ను నొక్కుతుంది, చివరికి ఫ్రేమ్‌ను గుద్దుకుని ఆగుతుంది.

తిరిగి ముందుకు వచ్చేటప్పుడు స్లైడ్‌ను నడిపేది స్ప్రింగ్ ఒక్కటే. మ్యాగజైన్ పైనున్న తూటాను ముందుకు తోయాలి, ర్యాంప్ మీదుగా చాంబర్‌లోకి ఎక్కించాలి, బ్యారెల్‌ను పైకి లేపి మళ్లీ లాక్ చెయ్యాలి. ఈ పనులన్నీ పూర్తయ్యేసరికి స్ప్రింగ్ బాగా సాగి ఉంటుంది, అంటే దాని బలం బాగా తగ్గి ఉంటుంది. కష్టమైన పని సరిగ్గా దాని బలం సన్నగిల్లిన చోటే పడుతుంది. ఈ విషయం గుర్తుంచుకోండి, ముందుముందు అవసరమవుతుంది.

బలమైన స్ప్రింగ్ వేస్తే పిస్టల్ తన్నడం తగ్గుతుందని రేంజ్‌లో ఇప్పటికీ వినబడే మాట. అది నిజం కాదు. బుల్లెట్ బరువు, దాని వేగం, మందు మారనంతవరకూ వెనక్కి వచ్చే మొత్తం ఊపు మారదు. ఆ ఊపు చేతికి ఎలా చేరుతుందన్నదే స్ప్రింగ్ చేతిలో ఉంటుంది. తలుపు దానంతటదే మూసుకోవడానికి బిగించే స్ప్రింగ్‌ను చూడండి. దాన్ని బిగించినంత మాత్రాన తలుపు తోసే మనిషి బలం తగ్గదు; తలుపు తెరుచుకోవడం కాస్త మెల్లగా, మూసుకోవడం మాత్రం ధడాలున జరుగుతుంది. పిస్టల్‌లోనూ అంతే. బలం ఎక్కువైతే స్లైడ్ ఫ్రేమ్‌ను గుద్దే దెబ్బ తగ్గుతుంది. కానీ దాచుకున్న శక్తిని స్ప్రింగ్ తిరుగు ప్రయాణంలో కక్కేస్తుంది. స్లైడ్ విసురుగా మూసుకుని మూతి కిందికి వంగుతుంది, రెడ్ డాట్ (గురి అద్దంలో కనబడే ఎర్ర చుక్క) టార్గెట్ మధ్యలోంచి కిందికి జారుతుంది. రెండో షాట్‌కు దాన్ని మళ్లీ పైకి తెచ్చుకోవాలి. పది సెకన్ల పోటీలో ఆ పనికి టైం ఉండదు.

ప్యాకెట్ మీద రాసిన అంకె

.45 క్యాలిబర్ 5 అంగుళాల 1911కు ఫ్యాక్టరీ స్ప్రింగ్ 16 పౌండ్లు, అంటే 7.3 కిలోల దాకా. ఇక్కడ చాలామంది పొరపడతారు. స్ప్రింగ్‌కు ఒకే బలం అంటూ ఉండదు, ఎంత నొక్కితే అంత బలం. స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లినప్పుడు స్ప్రింగ్ కుదించుకుపోయే పొడవు దగ్గర, ఈ పిస్టల్‌లో దాదాపు 41 మిల్లీమీటర్ల దగ్గర, అది ఇచ్చే బలమే ఆ 16. స్లైడ్ మూసుకుని ఉన్నప్పుడు అదే స్ప్రింగ్ బలం అందులో సగానికి కాస్త పైన ఉంటుంది.

ఒక లెక్క చూద్దాం. ఊరికే బల్ల మీద పెట్టినప్పుడు 6.5 అంగుళాల పొడవున్న 16 పౌండ్ల స్ప్రింగ్ అనుకోండి. స్లైడ్ వెనక ఉన్నప్పుడు 16 పౌండ్లు. మూసుకున్నప్పుడు స్ప్రింగ్ పొడవు 3.7 అంగుళాలు, బలం సుమారు 9.2 పౌండ్లు. కొన్ని వేల షాట్ల తర్వాత అది అలసి 6.1 అంగుళాలకు కుంగిందనుకుందాం. స్లైడ్ వెనక ఉన్నప్పటి బలం 14.7కు దిగుతుంది, అంటే 8 శాతం తగ్గుదల. మూసుకున్నప్పటి బలం 7.9కి పడుతుంది, అది 14 శాతం. చేత్తో స్లైడ్ లాగి చూస్తే తేడా తెలియదు. కానీ స్లైడ్‌ను పూర్తిగా మూసి లాక్ చేయాల్సిన ఆ చివరి బలమే ఎక్కువగా పోయింది. మ్యాచ్ మధ్యలో పిస్టల్ కాస్త మసిబారిందంటే స్లైడ్ రెండు మిల్లీమీటర్ల ముందే ఆగడం ఇందుకే.

తేలికైన స్ప్రింగ్ కావాలనుకుని ఉన్నదాన్నే రెండు మూడు చుట్లు కత్తిరించే అలవాటు పాత గన్‌స్మిత్‌లలో ఉండేది. అదే స్ప్రింగ్‌లో 30 చుట్లు ఉంటే 3 కత్తిరించండి. మిగిలిన చుట్లు తగ్గేకొద్దీ స్ప్రింగ్ బిరుసెక్కుతుంది. వెనకవైపు బలం 15.4, దాదాపు మారనట్టే. మూసుకున్నప్పటి బలం 7.8. అంటే స్లైడ్ లాగడానికి ఎప్పటిలాగే గట్టిగా ఉంటుంది, మూసుకోవడానికి మాత్రం సత్తువ ఉండదు. కావాల్సిన దానికి సరిగ్గా వ్యతిరేకం. స్ప్రింగులు ఇంత చవగ్గా, ఒక్కో పౌండ్ తేడాతో దొరుకుతున్న రోజుల్లో కత్తిరించడానికి కారణమే లేదు. కుంగిన స్ప్రింగ్‌ను చేత్తో సాగదీసి మళ్లీ వేయడం కూడా అంతే. కాసేపు పొడవుగా కనబడుతుంది, కొద్ది షాట్లకే మొదటికొస్తుంది.

వేర్వేరు కంపెనీల 16 పౌండ్ల స్ప్రింగులు రెండూ ఒకటే కావు. తీగ మందం, చుట్ల సంఖ్య, పొడవు వేరైతే మూసుకున్నప్పటి బలం వేరవుతుంది. మామూలు మ్యూజిక్ వైర్‌తో చేసినవి, క్రోమ్ సిలికాన్‌తో చేసినవి కుంగే తీరులో కూడా తేడా ఉంటుంది. ఒక కంపెనీది నచ్చితే దానికే కట్టుబడి ఉండటం మంచిదని నా అభిప్రాయం. లేకపోతే మారింది బలమా, తయారీయా అన్నది ఎప్పటికీ తేలదు.

తూటాను బట్టి స్ప్రింగ్

యూఎస్‌పీఎస్‌ఏలో పవర్ ఫ్యాక్టర్ అని ఒక కొలత ఉంది. బుల్లెట్ బరువును గ్రెయిన్‌లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని హెచ్చవేసి 1000తో భాగిస్తారు. మైనర్ అనే తరగతికి కనీసం 125, మేజర్ అనే తరగతికి 165 ఉండాలి. స్ప్రింగ్ ఎంచుకోవడానికి కూడా ఈ అంకె బాగా పనికొస్తుంది. సైన్యం వాడిన 230 గ్రెయిన్ల బుల్లెట్ 830 అడుగుల వేగంతో వెళ్తే 191. ఫ్యాక్టరీ 16 పౌండ్లు దీని కోసమే. బుల్స్‌ఐ షూటర్లు వాడే మెత్తటి లోడ్ (తూటాలో బుల్లెట్, మందుల కూర్పు) 185 గ్రెయిన్లు, 750 అడుగులు అనుకుంటే 139 కూడా దాటదు. ఈ లోడ్‌కు 16 పౌండ్ల స్ప్రింగ్ వేస్తే స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లలేక ఖాళీ కేసు మధ్యలో నిలువుగా ఇరుక్కుంటుంది. అందుకే వాళ్లు 12 పౌండ్ల చుట్టుపక్కల ఉంటారు. రెడ్ డాట్‌ను స్లైడ్ మీదే బిగిస్తే స్లైడ్ బరువెక్కి నెమ్మదిస్తుంది కాబట్టి ఇంకొంచెం కిందికి దిగుతారు. అదే డాట్ ఫ్రేమ్‌కు బిగిస్తే ఆ సర్దుబాటు అక్కర్లేదు.

ఇక 9 ఎంఎం మైనర్ లోడ్, 147 గ్రెయిన్లు, 885 అడుగులు, అంటే 130. ఈ తరహా లోడ్లతో 2011లు, సీజెడ్ షాడో 2లు వాడేవాళ్లలో 8 నుంచి 11 పౌండ్ల దాకా కనబడతాయి.

అయితే స్లైడ్ వేగాన్ని నిర్ణయించేది ఈ స్ప్రింగ్ ఒక్కటే కాదు. చాలా గందరగోళం ఇక్కడే పుడుతుంది. 1911లో హ్యామర్‌ను నడిపే మెయిన్‌స్ప్రింగ్ మామూలుగా 23 పౌండ్లు. ట్రిగ్గర్ తేలిక కావాలని దాన్ని 19కి మారిస్తే, స్లైడ్ వెనక్కి వెళ్లేటప్పుడు హ్యామర్‌ను కాక్ చేయడానికి పడే శ్రమ తగ్గి, స్లైడ్ వేగం పెరుగుతుంది. ఫైరింగ్ పిన్ స్టాప్ అనే చిన్న పలక అడుగు అంచు గుండ్రంగా ఉంటే హ్యామర్ సులువుగా వెనక్కి పడుతుంది, చదునుగా ఉంటే మొండికేస్తుంది. ఈ రెండింటిలో ఏది మార్చినా రీకాయిల్ స్ప్రింగ్ లెక్క మారిపోతుంది. నా వరకు పద్ధతి ఇది: మెయిన్‌స్ప్రింగ్, స్టాప్ ముందు ఖరారు చేసుకోవాలి, లోడ్ ఖరారు చేసుకోవాలి, అన్నిటికంటే చివర రీకాయిల్ స్ప్రింగ్‌ను ఒక్కో పౌండ్ చొప్పున మారుస్తూ రావాలి. ఒకేసారి రెండు మారిస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో తెలియదు.

లక్షణాలు చూసి చెప్పడం

మా క్లబ్‌లో కొత్తగా చేరిన ఒక తెలుగు కుర్రాడు ఓ శనివారం అడిగాడు: "అన్నా, బ్రాస్ పదడుగుల దూరం పడుతోంది. స్ప్రింగ్ పోయినట్టే కదా?"

"అదొక్కటీ చూసి చెప్పలేం తమ్ముడూ. ఎక్స్‌ట్రాక్టర్ టెన్షన్ చూశావా? ఎజెక్టర్ ముందెప్పుడైనా మార్పించావా?"

ఖాళీ కేసు ఎంత దూరం పడిందన్నది మంచి సూచనే, కానీ ఎక్స్‌ట్రాక్టర్ (చాంబర్‌లోంచి కేసును లాగే కొక్కెం) పట్టు, ఎజెక్టర్ (దాన్ని బయటికి తన్నే ముక్క) పొడవు కూడా దాన్ని మారుస్తాయి. ఇన్నాళ్లూ ఆరడుగుల్లో పడుతున్న బ్రాస్, అదే పిస్టల్, అదే లోడ్‌తో ఇప్పుడు పదడుగులు పోతుంటే మాత్రం స్ప్రింగ్‌ను అనుమానించాల్సిందే. అంటే చూడాల్సింది దూరాన్ని కాదు, మార్పును.

స్ప్రింగ్ బలహీనమైతే: స్లైడ్ చివర్లో పూర్తిగా మూసుకోదు, ముఖ్యంగా పిస్టల్ మసిబారాక. వెనక్కి వెళ్లేటప్పుడు ఫ్రేమ్‌ను గుద్దే దెబ్బ చేతికి తెలుస్తుంది. స్లైడ్ మరీ జోరుగా వెనక్కీ ముందుకీ వచ్చేస్తే మ్యాగజైన్ స్ప్రింగ్ తర్వాతి తూటాను సమయానికి పైకి లేపలేదు, స్లైడ్ ఖాళీ చాంబర్ మీదే మూసుకుంటుంది. బలం ఎక్కువైతే: కేసులు ఇరుక్కుంటాయి, ఆఖరి షాట్ తర్వాత స్లైడ్ వెనక నిలవదు, డాట్ కిందికి ముంచుకొస్తుంది. ఈ జాబితాలో సగానికి బలహీనమైన మ్యాగజైన్ స్ప్రింగ్ కూడా కారణం కావచ్చు. కాబట్టి మ్యాగజైన్లకు నంబర్లు వేసుకోండి. తప్పు ఒకే నంబర్ మ్యాగజైన్‌తో వస్తుంటే రీకాయిల్ స్ప్రింగ్ జోలికి పోనక్కర్లేదు.

మార్చే పద్ధతి

మ్యాగజైన్ తీసేయండి. స్లైడ్ వెనక్కి లాగి చాంబర్‌ను కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. కళ్లజోడు తప్పనిసరి. 1911లో స్ప్రింగ్ ముందు మూతగా ఉండే ప్లగ్, వేలు జారిందంటే ముఖం మీదికి దూసుకొస్తుంది. పాత పద్ధతి గైడ్ (స్ప్రింగ్‌ను లోపలి నుంచి నిలిపే పొట్టి కడ్డీ) ఉన్న పిస్టల్‌లో ఆ ప్లగ్‌ను బొటనవేలితో లోపలికి నొక్కి పట్టుకుని, మూతి వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కుగా బుషింగ్‌ను (బ్యారెల్ మూతి చుట్టూ ఉండే బిళ్లను) పావు వంతు తిప్పాలి. అప్పుడు ప్లగ్‌ను వేలితో అదుపు చేస్తూ మెల్లగా బయటికి రానివ్వాలి. తర్వాత స్లైడ్ స్టాప్‌ను దాని గాడికి సరిచేసి కుడివైపు నుంచి తోసి తీస్తే స్లైడ్ ముందుకు జారి వచ్చేస్తుంది.

కొత్త స్ప్రింగ్ వేసేముందు ఒక పరీక్ష చేయాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. స్ప్రింగ్ లేకుండా పిస్టల్‌ను బిగించి, స్లైడ్‌ను చేత్తో పూర్తిగా వెనక్కి లాగి, అది ఎక్కడ ఆగిందో ఫ్రేమ్ మీద అంటించిన టేపు మీద పెన్సిల్‌తో గీత పెట్టండి. ఇప్పుడు కొత్త స్ప్రింగ్ వేసి మళ్లీ లాగండి. స్లైడ్ అదే గీత దాకా రావాలి. రాలేదంటే చుట్లన్నీ ఒకదాన్నొకటి తాకి స్ప్రింగ్ గట్టి గొట్టంలా అయిపోతోందని అర్థం. అలాంటి పిస్టల్ కాలిస్తే స్లైడ్ ప్రతిసారీ ఆ గొట్టాన్నే గుద్దుతుంది, అటు గైడ్, ఇటు ప్లగ్ రెండూ దెబ్బతింటాయి. మందమైన తీగతో చేసిన బలమైన స్ప్రింగ్, దానితో పాటు రబ్బరు బఫర్ (స్లైడ్ దెబ్బను మెత్తబరిచే చిన్న పలక) కలిపి వాడినప్పుడు ఇది ఎక్కువగా జరుగుతుంది.

బఫర్ గురించి ఒక మాట. ఫ్రేమ్‌ను కాపాడుతుందని ప్రాక్టీసుకు వేసుకోవచ్చు. మ్యాచ్‌కు తీసేయడమే మేలు. నలిగిన బఫర్ ముక్క ఊడి లోపల పడితే పిస్టల్ అక్కడికక్కడే నిలిచిపోతుంది.

బిగించాక ఖాళీ పిస్టల్‌తోనే స్లైడ్‌ను చేత్తో పట్టుకుని అంగుళం అంగుళంగా ముందుకు వదలండి. చివర్లో ఎక్కడా తడబడకుండా మూసుకోవాలి. తర్వాత రేంజ్‌లో మ్యాగజైన్‌లో ఒకే తూటా పెట్టి, ఒంటి చేత్తో, పట్టు కాస్త వదులుగా ఉంచి కాల్చండి. స్లైడ్ వెనక నిలవాలి. ప్రతి మ్యాగజైన్‌తోనూ ఇలా చేశాకే అయిదు షాట్ల సిరీస్‌కు వెళ్లండి. అక్కడ చూడాల్సింది డాట్‌ను. స్లైడ్ మూసుకున్నాక డాట్ లేచిన చోటికే తిరిగొస్తే బలం సరిపోయింది. కిందికి దాటిపోతుంటే ఒక పౌండ్ తగ్గించండి. పైనే తచ్చాడుతూ ఆలస్యంగా దిగుతుంటే ఒక పౌండ్ పెంచండి. కొత్త స్ప్రింగ్ మొదటి మ్యాగజైన్లలోనే కొద్దిగా కుంగి తర్వాత స్థిరపడుతుంది. కాబట్టి మ్యాచ్ రోజు పొద్దున కొత్తది వేసుకుని లైన్ మీదికి వెళ్లకండి.

ఎన్ని షాట్లకు

పూర్తి సైజు 1911కు సాధారణంగా 2,000 నుంచి 3,000 షాట్లు. పొట్టి పిస్టళ్లలో అంతే పనిని చిన్న స్ప్రింగ్ చేయాలి కాబట్టి ఇంకా ముందే. బుల్స్‌ఐ 2700 మ్యాచ్‌లో మొత్తం 270 షాట్లు: .22తో 90, సెంటర్‌ఫైర్‌కు 90, .45కు 90. చాలామంది సెంటర్‌ఫైర్‌కూ అదే .45 వాడతారు, అంటే ఆ పిస్టల్‌కు మ్యాచ్‌కు 180. ప్రాక్టీసు కలపకుండానే 11 మ్యాచ్‌లకు స్ప్రింగ్ వయసు 2,000కు చేరువవుతుంది. నెలల లెక్క కాదు, షాట్ల లెక్క రాసుకోవాలి. స్లైడ్ వెనక నిలిపి ఒక రాత్రి ఉంచినందుకు మంచి స్ప్రింగ్ పాడవదు. దాన్ని అలసటకు గురిచేసేది మళ్లీ మళ్లీ నొక్కుకుపోవడమే.

పొడవు కొలవడం తేలిక: కొత్తది, పాతది పక్కపక్కన నిలబెట్టి చూడటమే. ఇంకా కచ్చితంగా కావాలంటే 10 కిలోల దాకా తూచే చిన్న త్రాసు చాలు. స్ప్రింగ్ లోపల పట్టే కర్రపుల్లను త్రాసు మీద నిలబెట్టి, అడుగు నుంచి 41 మిల్లీమీటర్ల దగ్గర గీత గీయండి. త్రాసును సున్నాకు తెచ్చి, పుల్లకు స్ప్రింగ్ తొడిగి, పైనుంచి వాషర్‌తో ఆ గీత దాకా నొక్కి పట్టుకోండి. 16 పౌండ్ల స్ప్రింగ్ 7 కిలోల పైన చూపాలి. అదే పని 94 మిల్లీమీటర్ల దగ్గర కూడా చేస్తే మూసుకున్నప్పటి బలం తెలుస్తుంది. నాకైతే ఆ రెండో అంకె మీదే ఎక్కువ నమ్మకం. పాతది కొత్తదానికంటే పదోవంతుకు మించి తక్కువ చూపితే ఇక ఆలోచించను, మార్చేస్తాను.

గ్లాక్‌లో ఇంకో జాగ్రత్త ఉంది. 1911లో హ్యామర్ స్ప్రింగ్ వేరు, స్లైడ్‌ను మూసి ఉంచే పని వేరు. గ్లాక్‌లో స్ట్రైకర్ (హ్యామర్ బదులు తూటాను పేల్చే పిన్ను) స్ప్రింగ్ ట్రిగ్గర్ నొక్కుతున్నంతసేపూ స్లైడ్‌ను వెనక్కి లాగుతూ ఉంటుంది, రీకాయిల్ స్ప్రింగ్ దాన్ని ఎదిరించాలి. అందుకే గ్లాక్ 17లో ఫ్యాక్టరీ స్ప్రింగ్ తీసి 13 పౌండ్లది వేసుకునేవాళ్లు ఒక పరీక్ష తప్పక చేయాలి. పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, మూతి పైకి పెట్టి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని స్లైడ్‌ను వెనక్కి లాగి మెల్లగా వదలండి. పూర్తిగా మూసుకోకుండా ఆగితే ఆ స్ప్రింగ్ పనికిరాదు.

ఒలింపిక్స్‌లో వాడే 25 మీటర్ల .22 పిస్టళ్లలో బ్యారెల్ లాక్ అవడమే ఉండదు. బోల్ట్ బరువు, స్ప్రింగ్ బలం ఈ రెండే తూటా ఒత్తిడిని కాచుకుంటాయి. మహిళల 25 మీటర్ల పిస్టల్ ర్యాపిడ్ దశలో ఒక్కో షాట్‌కు టార్గెట్ కనబడేది 3 సెకన్లు, మధ్యలో విరామం 7 సెకన్లు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం, టీమ్ స్వర్ణం గెలిచింది ఈ విభాగంలోనే. ఇక్కడ తూటా చిన్నది, స్ప్రింగ్ తేలికది, కాబట్టి బుల్లెట్ మీది మైనపు పూత, మసి కాస్త పేరుకున్నా మూసుకోవడంలో వెంటనే తేడా వస్తుంది. స్ప్రింగ్‌ను, బోల్ట్ వెనక బఫర్ ఉంటే దాన్ని, పొడి గుడ్డతో తుడిచి పలచగా ఆయిల్ రాస్తే చాలు. నూనె ఎక్కువైతే మసిని పట్టుకుని జిగురవుతుంది. ఈ స్థాయి పిస్టళ్లు ఇటలీ పార్డినీ, స్విట్జర్లాండ్ మోరినీ, జర్మనీ వాల్తర్ లాంటివి. ఇండియాలో వాటి విడిభాగాలు బయటి నుంచే రావాలి. కనీసం రెండు స్ప్రింగులు ముందే తెప్పించి, ఒక్కోదాన్ని విడి కవర్లో పెట్టి, బలం, తెచ్చిన తేదీ, ఏ షాట్ దగ్గర వేశారో కవర్ మీద రాసుకోండి. కవర్లోంచి తీసి ఒకే డబ్బాలో కలిపేస్తే 11 ఏదో 12 ఏదో కళ్లతో చూసి ఎవరూ చెప్పలేరు.